స్టోరులో మూలనపడిన రిపీటర్‌ను గుట్టెక్కించండి: అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం. తిరుపతి, చిత్తూరు జిల్లాల గుట్టల మీది వైర్‌లెస్ టవర్లు, వాటి కింది గదులు, స్టోర్లలో మూలనున్న పాత రిపీటర్లు (మాటను అందుకుని దూరానికి తిరిగి ప్రసారం చేసే పెట్టెలు) మీ మీ శాఖల చేతిలో ఉన్నాయి. డిజిటల్ సెట్లు వచ్చాక పక్కన పెట్టిన అనలాగ్ వీహెచ్ఎఫ్ (వెరీ హై ఫ్రీక్వెన్సీ) రిపీటర్లలో ఒకటో రెండో హామ్ రేడియో ఆపరేటర్లకు, అంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకుని లాభాపేక్ష లేకుండా రేడియో నడిపే మాలాంటివాళ్లకు, అప్పగించి, ఉన్న టవర్ మీదే ఒక యాంటెన్నాకు చోటిస్తే, ఆ రిపీటర్లను ఇంటర్నెట్ ద్వారా కలుపుతామని అర్జీలు పెట్టుకున్నాం. ఇన్‌వర్డ్ ముద్ర పడింది, జవాబు రాలేదు. నోటిమాటగా మాత్రం రెండు ప్రశ్నలు ఎదురయ్యాయి. ‘అందరి చేతిలో ఫోనుండగా ఇదెందుకు?’ అన్నది ఒకటి. ‘రిపీటర్‌కు ఇంటర్నెట్ కేబుల్ గుచ్చితే సరిపోదా, ఇంత తతంగం దేనికి?’ అన్నది రెండోది. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. జవాబు జనానికి కూడా తెలియాలని ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాం.

1. రిపీటర్ అంటే ఎత్తున కూర్చుని, ఒక ఫ్రీక్వెన్సీలో విన్న మాటను అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా పలికే పెట్టె. 5 వాట్ల చేతి సెట్టు ఇళ్ల మధ్య నుంచి మాట్లాడితే నాలుగైదు కిలోమీటర్లు దాటడమే గగనం. చుట్టుపక్కల నేలకంటే 700 మీటర్ల ఎత్తున్న రిపీటర్‌కు అదే మాట అందితే, రేడియో చూపు లెక్కప్రకారం 100 కిలోమీటర్లు దాటుతుంది. లెక్క లెక్కే గానీ, శేషాచలం వెనక లోయల్లోకి, భాకరాపేట ఘాట్ మలుపుల్లోకి ఆ చూపు వంగదు. కనుక ఒక్క గుట్ట చాలదు. తిరుపతి వైపు ఒకటి, చిత్తూరు–పలమనేరు వైపు ఒకటి ఉండి, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఆ కలపడానికే ఇంటర్నెట్ కావాలి.

2. ఫోనుండగా ఎందుకన్నదానికి 2021 నవంబరే సమాధానం. ఆ వానలకు తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడ్డాయి. శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని 2022 మే దాకా తెరుచుకోలేదు. స్వర్ణముఖి పొంగింది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట కారడం మొదలైతే కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి రోజున సెల్ టవర్ నిలబడాలంటే కరెంటు ఉండాలి, ఫైబర్ తెగకుండా ఉండాలి, జనమంతా ఒకేసారి ఫోన్ చేసినా తట్టుకోవాలి. కరెంటు పోతే బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది. ఆ తర్వాత డీజిల్ కావాలి, డీజిల్ బండికి దారి కావాలి. దారే తెగినప్పుడు?

ఇంకో తేడా ఉంది. ఫోన్ ఒకరితో ఒకరు మాట్లాడే సాధనం. చెరువు కట్ట మీదున్న ఆపరేటర్ ‘నీళ్లు మరవ దాటాయి, తూర్పు కొసన కట్ట జారుతోంది’ అని ఒక్కసారి రేడియోలో చెబితే, కింది నాలుగు ఊళ్లలో సెట్లు పట్టుకుని ఉన్నవాళ్లూ కంట్రోల్ రూమూ ఒకే క్షణంలో వింటారు. ఫోనులో ఆ ఒక్క మాటకు ఐదు కాల్స్. అందులో ఎన్ని కలుస్తాయో ఎవరు చెప్పగలరు?

3. మన దగ్గర వాన పడితే ఆరా తీసేది మనవాళ్లొక్కరే కాదు. కొండకు వచ్చినవారి బంధువులు చెన్నైలో, వేలూరులో, బెంగళూరులో ఉంటారు. ‘మా అమ్మానాన్నలు మెట్లదారిన బయల్దేరారు, ఫోన్ కలవడం లేదు’ అనే వాకబులే వందల్లో వస్తాయి. రిపీటర్ ఇంటర్నెట్ నెట్‌వర్కులో ఉంటే చెన్నై ఆపరేటర్ తన ఊరి నుంచే మన గుట్టకు లింకు కలిపి, పేరూ వయసూ ఊరూ చెప్పి, జవాబు రాసుకోగలడు. అలా చేయగలిగితే కంట్రోల్ రూము ఫోన్లు ఖాళీగా ఉండి, అసలు ఆపదలో ఉన్నవాడి కాల్ మోగుతుంది. 2004 డిసెంబరు సునామీ వేళ అండమాన్‌లో హామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియో మీద చేసిన పనిలో పెద్ద వాటా ఈ క్షేమసమాచారాలదే.

4. ఇక రెండో ప్రశ్న. దీని మీద కొంచెం ఎక్కువ రాయక తప్పదు, ఎందుకంటే కేబుల్ గుచ్చేసి చేతులు దులుపుకుంటే, అది అసలు రిపీటర్ లేకపోవడం కంటే అన్యాయం.

మొదటిది బ్యాండు, అంటే వాడుకోవడానికి అనుమతి ఉన్న ఫ్రీక్వెన్సీల పట్టీ. హామ్‌లకు ఈ దేశంలో వీహెచ్ఎఫ్‌లో ఉన్నది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. పాత వాణిజ్య సెట్లలో కొన్ని 146–174 రేంజివి. వాటిని 145కి ప్రోగ్రాం చేయబోతే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ఒప్పించినా, ఫ్రీక్వెన్సీని పుట్టించే లోపలి ఆసిలేటర్ అక్కడ నిలవకపోవచ్చు. 136 నుంచి మొదలయ్యే రేంజి సెట్టయితే చిక్కు లేదు. కాబట్టి స్టోరు జాబితాలో ‘రిపీటర్, 1’ అని రాస్తే మాకు ఏమీ తెలియదు, మోడల్ నంబరు కావాలి.

రెండోది డ్యూప్లెక్సర్. ఒకే యాంటెన్నాతో వింటూ పలికే రిపీటర్‌లో, వచ్చే సిగ్నల్‌నూ వెళ్లే సిగ్నల్‌నూ విడదీసే ఈ డబ్బాదే అసలు పని. బయటికి వెళ్లేది 25 వాట్లు, లోపలికి వచ్చేది మైక్రోవోల్టులో మూడో వంతు. రెండింటికీ తేడా సుమారు 160 డెసిబెల్స్. స్టోర్లలో దొరికే చిన్న మొబైల్ డ్యూప్లెక్సర్లు వినే, పలికే ఫ్రీక్వెన్సీల మధ్య నాలుగైదు మెగాహెర్ట్జ్ ఎడం ఉంటేనే పనిచేసేలా చేసినవి. మా బ్యాండులో ఎడం 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఆ చిన్న డబ్బానే పెడితే, పలకడం మొదలుపెట్టగానే రిపీటర్ తన గొంతుతో తన చెవే మూసుకుంటుంది. దగ్గరి సెట్లు బాగా వినిపిస్తాయి కనుక ప్రారంభోత్సవం రోజు అందరూ చప్పట్లు కొడతారు. దూరం నుంచి పిలిచిన నీరసమైన చేతి సెట్టు మాత్రం ‘కచ్‌కచ్’మని తెగిపోతూ పోతుంది. ఆపద ఉన్నది ఆ సెట్టు దగ్గరే. దీనికి నాలుగు లేదా ఆరు పెద్ద కేవిటీల (ఫిల్టర్లుగా పనిచేసే లోహపు గొట్టాల) సెట్టు కావాలి, దాన్ని ఎనలైజర్ అనే కొలత యంత్రం మీద పెట్టి ట్యూన్ చేసి, గుట్ట మీదికి చేర్చాక మళ్లీ ఒకసారి సరిచూడాలి. జీపులో కుదుపులకే ట్యూనింగ్ కదులుతుంది.

5. ఇంటర్నెట్ లింకు తగిలించేటప్పుడు వచ్చే తప్పులు వేరే ఉన్నాయి. రెండు మోటరోలా జీఎం300 సెట్లను వీపు వీపు కలిపిన రిపీటర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. వెనక 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. 11వ పిన్ను నుంచి విన్న శబ్దం వస్తుంది, 5కి పలకాల్సిన శబ్దం ఇవ్వాలి, 3ను గ్రౌండ్‌కు కలిపితే ప్రసారం మొదలవుతుంది (దీన్నే పీటీటీ గీత అంటారు), 7 గ్రౌండ్, 8ని ‘సిగ్నల్ వచ్చింది’ అని చెప్పే గీతగా ప్రోగ్రాం చేసుకోవాలి. వీటిని సీఎం108 చిప్పున్న యూఎస్‌బీ సౌండ్ డాంగిల్‌కు కలిపి, డాంగిల్‌ను రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌కు గుచ్చి, అందులో రిపీటర్లను ఇంటర్నెట్ ద్వారా కలిపే ఆల్‌స్టార్‌లింక్ నడపాలి. ఆస్టరిస్క్ అనే టెలిఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్ మీద కట్టింది అది. పీటీటీ గీతకు డాంగిల్ నుంచి నేరుగా తీగ లాగకూడదు, మధ్యలో ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, బేస్‌కు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టాలి. శబ్దం గీతల్లో 600 ఓమ్‌ల ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టకపోతే ‘గుయ్’ మనే హమ్ వదలదు.

వినడానికి తేలికే. ఎక్కడ చెడుతుందో చూడండి. మామూలుగా పలికే సెట్టు కీచు స్వరాలను పెంచి పంపుతుంది (ప్రీ-ఎంఫసిస్), వినే సెట్టు వాటిని తిరిగి తగ్గిస్తుంది (డీ-ఎంఫసిస్). 5వ పిన్ను ‘ఫ్లాట్’: అక్కడ ప్రీ-ఎంఫసిస్ ఉండదు. 11వ పిన్ను కూడా లోపలి జంపర్‌ను ఫ్లాట్‌గా పెడితే, ఊళ్లోని సెట్ల మధ్య మాట చక్కగా ఉంటుంది, ఎందుకంటే ఎక్కిన ఎంఫసిస్ ఎక్కినట్టే బయటికి పోతుంది. కానీ అదే శబ్దం ఇంటర్నెట్‌కు వెళ్తే చెన్నైలో కీచుగా వినపడుతుంది, చెన్నై నుంచి వచ్చిన మాట ఇక్కడి సెట్లలో దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో డీ-ఎంఫసిస్, ప్రీ-ఎంఫసిస్ రెండూ ‘యెస్’ పెడితే సరి. ఒకటి పెట్టి ఇంకొకటి మరిస్తే మళ్లీ మొదటికి. తర్వాత 1 కిలోహెర్ట్జ్ టోన్‌తో 3 కిలోహెర్ట్జ్ డీవియేషన్ (శబ్దానికి ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర) లోపలికి ఇచ్చి, బయటికీ 3 వచ్చేదాకా లెవెల్ సర్దాలి. చెవితో సర్దితే కుదరదు.

8వ పిన్ను ధ్రువం తిరగబడితే ఇంకా ప్రమాదం. సిగ్నల్ లేనప్పుడు ఉందని, ఉన్నప్పుడు లేదని కంప్యూటర్ అనుకుంటుంది. అప్పుడు మన రిపీటర్ ఉత్త హోరును నెట్‌వర్కులోని అన్ని ఊళ్ల మీదికీ ఎత్తిపోస్తుంది. జీఎం300లో ఆ గీత సిగ్నల్ వచ్చినప్పుడు కిందికి దిగేలా పెడితే, సాఫ్ట్‌వేర్‌లో ‘యూఎస్‌బీఇన్వర్ట్’ అని రాయాలి. ఏం జరిగినా మూడు నిమిషాల్లో నోరు మూసే టైమౌట్, అంటే 1,80,000 మిల్లీసెకన్లు, తప్పనిసరి.

కంప్యూటర్‌ను గుట్ట మీద కాక ఊళ్లో పెట్టి, ఇంకో రేడియో సెట్టు ద్వారా రిపీటర్‌కు లింకు కలిపేవాళ్లు పడే ఉచ్చు ఇంకొకటి, దాని పేరు ‘తోక’. మాట ముగిశాక రిపీటర్ ఇంకో మూడు నాలుగు సెకన్లు క్యారియర్‌ను, అంటే మాట లేని ఉత్త ప్రసారాన్ని, పట్టుకుని ఉంటుంది. లింకు సెట్టు ఆ తోకను మాట అనుకుని ఇంటర్నెట్‌కు పంపుతుంది, అవతలి రిపీటర్ తోక ఇటు వస్తుంది, రెండూ ఒకదాన్నొకటి పిలుచుకుంటూ రాత్రంతా కూర్చుంటాయి. మందు ఒక్కటే: మనిషి మాట్లాడుతున్నంతసేపే సీటీసీఎస్ఎస్ టోన్ (చెవికి అందని గుర్తు శబ్దం) పంపి, తోకలో టోన్ తీసేయడం. లింకు సెట్టు టోన్‌కే తెరుచుకోవాలి, క్యారియర్‌కు కాదు.

6. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. రిపీటర్ ముందు, ఇంటర్నెట్ తర్వాత. అన్నీ కంప్యూటర్ గుండా నడిపితే, కంప్యూటర్ ఆగిన రోజు గానీ దాని మెమరీ కార్డు పాడైన రోజు గానీ గుట్ట మూగబోతుంది. అది వాన రోజే అవుతుంది, ఇంకెప్పుడు! అందుకే రెండు సెట్లనూ నేరుగా కలిపే తీగను ఒక రిలే (కరెంటుతో కదిలే స్విచ్) ఎన్‌సీ కాంటాక్టుల గుండా, అంటే రిలేకు కరెంటు లేనప్పుడు కలిసి ఉండే కొసల గుండా, వేయాలి. కంప్యూటర్ ఆరోగ్యంగా ఉన్నంతసేపు గుండెచప్పుడులా పల్స్ ఇస్తూ రిలేను లాగి పట్టుకుని, నడక తన చేతిలోకి తీసుకుంటుంది. పల్స్ ఆగితే రిలే జారి, రిపీటర్ పాత పద్ధతిలో తనంతట తాను పనిచేస్తుంది. చెన్నై వినపడకపోవచ్చు, రాయలచెరువు వినపడుతుంది. ఈ రిలే లేని డిజైన్ ఎవరు తెచ్చినా, మేము తెచ్చినా సరే, సంతకం పెట్టకండి.

7. కరెంటు లెక్క. ఊరికే వింటున్నప్పుడు రిపీటర్, కంప్యూటర్ కలిపి 12 వోల్టుల దగ్గర సుమారు 1 యాంపియర్, 25 వాట్లతో పలికేటప్పుడు 6.5. ఐదింట ఒక వంతు సమయం పలికిందనుకుంటే సగటు 2.1 యాంపియర్లు, రోజుకు 50 యాంపియర్ అవర్లు (ఏహెచ్). లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు గనుక 100 ఏహెచ్ బ్యాటరీ ఒక రోజుకు, రెండు రోజులకు 200 ఏహెచ్. మొబైల్ సెట్లతో చేసిన రిపీటర్‌ను పూర్తి పవర్‌తో నడపకూడదు, మన ఎండలకు ఫైనల్ ట్రాన్సిస్టర్ పోతుంది. 15 వాట్లకు దించి ఫ్యాన్ పెడితే చాలు. కేబుల్‌లో పొదుపు వద్దు: ఆర్‌జీ58 అనే సన్న కేబుల్ 30 మీటర్లు వేస్తే నాలుగింట మూడొంతుల పవర్ తీగలోనే ఆవిరి. అరంగుళం లావున్న హీలియాక్స్ కేబుల్ వేయాలి. రాతి గుట్ట మీద ఒక్క ఎర్త్ పిట్ పనికిరాదు, తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి పోసిన గుంతలు మూడు నాలుగు చుట్టూ కలపాలి. లేదంటే మొదటి పిడుగుకే అందరి శ్రమా బూడిద.

8. నెట్ విషయం పెద్దదేం కాదు. ఒక్క లింకుకు సెకనుకు 90 కిలోబిట్లు చాలు, 4జీ సిమ్ కూడా మోస్తుంది. చిక్కల్లా, సిమ్ మీద మనకంటూ సొంత ఐపీ అడ్రసు ఉండదు. మనం బయటికి కలపగలం, బయటివాళ్లు మనకు కలపలేరు. మారని సొంత అడ్రసు (స్టాటిక్ ఐపీ) తీసుకుని, బయటివాళ్లు లోపలికి వచ్చే యూడీపీ 4569 పోర్టు తెరవాలి, లేకపోతే వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో బయటి సర్వర్ దాకా సొరంగంలాంటి దారి వేసుకోవాలి. గుట్టమీద నెట్ లేకపోతే 5.8 గిగాహెర్ట్జ్ డిష్‌లతో ఊళ్లో నుంచి ఎక్కించవచ్చు, ఆ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదు.

9. మీ భయాలు మాకు తెలుసు. పాత రిపీటర్ ఇస్తే మీ శాఖ ఛానళ్లు బయటపడతాయని ఒకటి. ఇచ్చేముందు మీ టెక్నీషియనే వాటిని చెరిపి, ఇద్దరి సంతకాలతో పంచనామా రాయాలి. ఈ పాత సెట్ల ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ డాస్ మీద, నెమ్మది కంప్యూటర్‌లో నడిచేది. కొత్త ల్యాప్‌టాప్‌లో నడిపితే మధ్యలో తెగి సెట్టే చచ్చిపోతుంది, కనుక మీ పాత కంప్యూటర్‌ను తుక్కు కింద వేయకండి. రెండో భయం, ఎవడు పడితే వాడు ఇంటర్నెట్‌లో నుంచి దూరతాడని. నెట్‌వర్కులో ఒక్కో కేంద్రాన్ని నోడు అంటారు, నోడు నంబరు లైసెన్సు చూపినవాళ్లకే వస్తుంది. పైగా మన నోడుకు ఏయే నోడ్లు కలవవచ్చో జాబితా పెట్టి, మిగతావి మూసేయవచ్చు. కంట్రోల్ ఆపరేటర్ ఎప్పుడైనా లింకు తెంచగలడు. మూడోది, గడంకిలోని వాతావరణ రాడార్‌కు మా ప్రసారం అడ్డొస్తుందని. అది 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, మాది 145. ఫిల్టర్ పెట్టి, కొలత కాగితం ఇస్తాం.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. హామ్ ఫ్రీక్వెన్సీలో రహస్యం కుదరదు. అంతర్జాతీయ రేడియో నిబంధనల ప్రకారం మాట దాచే కోడు, ఎన్‌క్రిప్షన్ నిషిద్ధం, వ్యాపార సమాచారమూ కూడదు. కాబట్టి ఇది మీ శాఖ వైర్‌లెస్‌కు బదులు కాదు. అందరూ వినవలసిన కబురు కోసం ఉన్న దారి.

ఇవీ మేము కోరేవి:

1. రెండు జిల్లాల్లో పక్కన పెట్టిన వీహెచ్ఎఫ్ రిపీటర్ల, డ్యూప్లెక్సర్ల, యాంటెన్నాల జాబితా మోడల్ నంబర్లతో, రేంజితో రాతపూర్వకంగా ఇవ్వండి. జాబితా వచ్చేదాకా కండెమ్ చేసినవాటి వేలం ఆపండి. కేవిటీ డ్యూప్లెక్సర్‌ను అల్యూమినియం తూకానికి అమ్మడం కంటే పెద్ద నష్టం లేదు.

2. శేషాచలం అడవిలో కొత్త టవర్ అడగడం లేదు. ఉన్న టవర్ మీద ఒక యాంటెన్నాకు, కింది గదిలో ఒక ర్యాకుకు తిరుపతి వైపు ఒకచోట, చిత్తూరు–పలమనేరు వైపు ఒకచోట స్థలం పేరు రాసి ఇవ్వండి. స్థలం పేరు లేకుండా రిపీటర్ లైసెన్సు కోసం కేంద్ర టెలికాం శాఖలో వైర్‌లెస్ అనుమతులు చూసే డబ్ల్యూపీసీ విభాగానికి పెట్టే దరఖాస్తు కదలదు. ఇంటర్నెట్ లింకుకు కూడా అక్కడి నుంచి రాతపూర్వక అనుమతి వచ్చాకే స్విచ్ వేస్తాం. ఆ దరఖాస్తుకు మీ సిఫారసు లేఖ జతచేయండి.

3. బ్యాటరీ, కేబుల్, ఎర్తింగ్ ఖర్చు విపత్తు నిధి నుంచి ఇవ్వండి. కంప్యూటర్, డాంగిల్, రిలే, పనితనం మావి.

4. పిడుగు పడిన మర్నాడే గుట్ట ఎక్కేందుకు వీలుగా ఇద్దరు ఆపరేటర్లకు ఏడాది పొడవునా చెల్లే పాసు ఇవ్వండి. ప్రతిసారీ కొత్త అర్జీ అంటే రిపీటర్ నెలలు మూగగా ఉంటుంది.

5. నెలకోసారి, ఇంటర్నెట్ కేబుల్ పీకేసి, కంప్యూటర్ కూడా ఆపేసి మరీ, కంట్రోల్ రూముతో డ్రిల్లు పెట్టండి. ‘ఐదు నిమిషాల్లో రిలే జారిందా, చేతి సెట్టు వినపడిందా’ అని రిజిస్టరులో రాయండి.

6. ఇంజనీరింగ్ విద్యార్థులు, మండల సిబ్బంది హామ్ పరీక్ష రాసేలా ప్రోత్సహించండి. కింది మెట్టు లైసెన్సయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ (చుక్కలు, గీతల కోడు) అక్కర్లేదు. కట్ట మీద నిలబడేది లైసెన్సున్న మనిషే కావాలి గనుక, రిపీటర్ ఒక్కటే ఉంటే సరిపోదు.

7. మనకు గండం తెచ్చేది ఈశాన్య రుతుపవనం, అంటే అక్టోబరు నుంచి. డ్యూప్లెక్సర్ ట్యూనింగ్, ఎర్తింగ్, బెంచి మీద పరీక్ష కలిపి కనీసం ఆరు వారాలు పడుతుంది. ఆగస్టు లోపు స్టోరులోని రిపీటర్‌ను బెంచి మీద చూపించండి. ఆ తనిఖీకి మీ టెక్నీషియన్‌ను కూడా పంపండి. వాట్ మీటరు, డమ్మీ లోడు మేమే తెస్తాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల హామ్ రేడియో ఆపరేటర్లు